మోకాలెత్తు కిటికీ

1974 ఆగస్టు 13, మంగళవారం. తెల్లారినప్పటి నుంచీ ముసురు. వానా కాదు, వెలుతురూ కాదు. చీరాల చుట్టుపక్కల శ్రావణంలో పట్టే ఆ ముసురుకి ఉతికిన బట్ట ఆరదు, వేసిన సున్నం ఆరదు, మనిషికి పుట్టిన కోపం అసలే ఆరదు.

అంకబాబుకి ఆ ఉదయం ఒళ్లు మండిపోతోంది. తాపీ పట్టిన పదమూడేళ్లలో మొదటిసారి ఒక ఇల్లు పునాది నుంచి కప్పు దాకా అతని చేతుల మీదుగా లేచింది. గురువు మౌలాలీ మేస్త్రి మోకాళ్ల నొప్పులతో మంచం పట్టి, "నేత వీరాస్వామి ఇల్లు నువ్వే కట్టు. నేను లేచి వచ్చేసరికి వాళ్లు అందులో కుదురుగా ఉంటే నా తాపీ నీది" అన్నాడు. ఆ తాపీ మామూలుది కాదు. మౌలాలీ తాత చేతిది. పిడి ఎన్నిసార్లు మారిందో ఎవరికీ తెలియదు గానీ రేకు మాత్రం అదే. ఆ తాపీ ఎవరి చేతిలో ఉంటే పేటకి వాడే పెద్ద మేస్త్రి.

ఇల్లు అయింది. పాలు పొంగించారు. బంధువులకి భోజనాలు పెట్టారు. మగ్గం తెచ్చి బిగించారు. తొమ్మిదో రోజున వీరాస్వామి ఆ మగ్గం విప్పి, వెనకాల ఉన్న పాత గుడిసెలోకి మోసుకుపోయాడు.

కొత్తింట్లో ఇప్పుడు ఒక వడ్ల బస్తా, ఒక మేక ఉంటున్నాయి.

సిమెంటు సంగతి తలుచుకుంటే అంకబాబుకి ఇంకా మండుతుంది. ఆ రోజుల్లో సిమెంటుకి పర్మిట్టు కావాలి. పర్మిట్టు కావాలంటే ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని కూర్చుని, ఆ బల్లకి మన ఆకారం రావాలి. గుమాస్తా భోజనానికి వెళ్లాడంటే మళ్లీ ఎప్పుడొస్తాడో వాళ్లావిడకే తెలియాలి. సరే, అదలా ఉంచండి. ఇంతా తిరిగింది మేక కోసమా?

"ఏం తక్కువ చేశాను బాబాయ్?" అంటూ గుడిసెలోకి దూరాడు. "మగ్గానికి గుంట తీయించానా లేదా? వీధి వైపు రెండు కిటికీలు పెట్టానా లేదా?"

"పెట్టావు బాబూ." వీరాస్వామి మగ్గం మీంచి తలెత్తలేదు.

"మరి?"

"చీకటిగా ఉంది బాబూ ఆ ఇల్లు."

"చీకటా!"

ఆ మాటకొస్తే గుడిసెకి ఉన్నది ఒకే ఒక కంత, మట్టిగోడకి మోకాలెత్తున. పునాదులు తీసేనాడు దాన్ని చూసి, "ఇది కిటికీయా బాబాయ్, పిల్లి దూరే దారా?" అని అంకబాబే నవ్వాడు.

విసురుగా కొత్తింట్లోకి వెళ్లి మేకని బయటికి తోలాడు. నట్టింట నిలబడి, చంకలోని పేపరు విప్పి, సినిమా ప్రకటనల కింద చీమ తలకాయంత అక్షరాలతో సహా గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

వీరాస్వామి భార్య మాణిక్యమ్మ చూరు కింద కండెలు చుట్టుకుంటూ కాసేపు విన్నది. "బాగానే చదువుతున్నావు నాయనా. మీ అమ్మకి చెబుతాలే" అంది.

సరిగ్గా అప్పుడు మౌలాలీ మేస్త్రి వచ్చాడు. నెత్తిన గోనెసంచి, చేతిలో కర్ర.

"చూడండి గురువు గారూ! వెలుతురు చాలదంట! గుడిసెకి అలవాటుపడిన ప్రాణాలు, వీళ్లకి మేడ కట్టినా ఇంతే!"

మేస్త్రి గోడ మీద అరచెయ్యి వేసి మూల దాకా నడిచాడు. "గోడ నిలువుగా ఉంది" అన్నాడు. అంకబాబు ముఖం విప్పారింది.

"ఆ పేపరు ఇటివ్వు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చో."

"నేనా?"

"మేకని పిలవమంటావా?"

అంకబాబు కూర్చున్నాడు. మేస్త్రి మాణిక్యమ్మ దగ్గర సన్న నూలు ఒక పోగు అడిగి తీసుకుని, మధ్యకి తెంపి, రెండు ముక్కలూ అతని చేతిలో పెట్టాడు.

"అతుకు."

అంకబాబు ఒళ్లోకి వంగాడు. ఒక కొస కనిపించింది. రెండోది దొరకలేదు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. మెలిపెట్టాడు, విడిపోయింది. మళ్లీ మెలిపెట్టాడు, మళ్లీ విడిపోయింది. తలెత్తితే కిటికీ పైనెక్కడో ఉంది. అందులో మబ్బు తప్ప ఏమీ లేదు. దాని వెలుతురు అతని నెత్తి మీదుగా దాటిపోయి ఎదురుగోడకి తగిలించిన క్యాలెండరు మీద పడుతోంది.

"మబ్బు పట్టింది కదా గురువు గారూ, అందుకని..."

"పక్క గుడిసెకీ అదే మబ్బు."

గుడిసెలో మగ్గం ఆగకుండా ఆడుతూనే ఉంది.

మేస్త్రి మూలుగుతూ, మోకాళ్లని తిట్టుకుంటూ గుంట అంచున నేల మీద కూర్చున్నాడు. "కిటికీ ఎత్తు ఎంత?"

"మూడున్నర అడుగులు. కట్టుబడి పుస్తకంలో అంతే ఉంది."

"వీరాస్వామి నిలబడి నేస్తాడని కూడా రాశారా అందులో?"

మేస్త్రి బొగ్గుముక్క తీసి, కూర్చున్న చోటి నుంచే పక్క గోడ మీద మోకాలెత్తున ఒక గీత గీశాడు. గడ్డపార ఉన్న మూల వైపు కర్ర చూపించాడు.

తను కట్టిన గోడని అంకబాబు తన చేత్తోనే పొడిచాడు. మరుసటి వారానికి మగ్గం కొత్తింట్లోకి, మేక గుడిసెలోకి మారాయి.

మౌలాలీ మేస్త్రి ఆ తర్వాత రెండేళ్లకి పోయాడు. గోడ నిలువు చూసే గుండుతాడు అల్లుడికి వచ్చింది. మట్టం చెక్క తమ్ముడు తీసుకున్నాడు. తాత చేతి తాపీ, అందరూ అంకబాబు వైపు చూస్తుండగా, కందుకూరు నుంచి వచ్చి నిరుడే పనిలో చేరిన శిష్యుడికి దక్కింది. మేస్త్రి మంచం దిగి వచ్చిన రోజుకి ఆ ఇంట్లో ఉంటున్నది మేక. మాట మాటే.

అంకబాబుకి ఏమీ రాలేదు.

నాలుగు రోజులు పనిలోకి వెళ్లలేదు. ఐదో రోజున కుమ్మరి గురవయ్య స్థలంలో కొత్తింటి పునాదికి ముగ్గు పోయాల్సి వచ్చి వెళ్లాడు.

"సారె ఎక్కడ తిప్పుతావు మామా?"

గురవయ్య ఒక మూల చూపించాడు. అంకబాబు టేపు పక్కన పడేసి, అక్కడికి వెళ్లి, ఆ తడిమట్టిలో గొంతుక్కూర్చున్నాడు.