సింగారప్ప కాచిన అంబలి

రాళ్లగుట్ట మీద ఆ ఏడు గడ్డి మొలవలేదు. తల్లుల పొదుగుల్లో పాలు ఎండిపోయాయి. పిల్లల కాళ్లు పుల్లల్లా అయ్యాయి, పొట్టలు మాత్రం ఉబ్బాయి. మేక సుంకులమ్మ బిడ్డయితే లేచి నిలబడటమే మానేసింది. ఈ సంగతి చెవినపడి, ఏటి ఒడ్డున ఉండే ఏనుగుల పెద్ద నాగరత్నమ్మ, పిల్లలకు అంబలి కాచి పొయ్యమని జొన్నలూ వేరుశనగలూ బస్తాల కొద్దీ పంపింది.

వండే పని నక్క సింగారప్ప నెత్తిన వేసుకున్నాడు. మిగతావాళ్లకు నోరు తెరిచే ఓపిక లేదు, అతనికి మూసే అలవాటు లేదు. పిల్లలంటే తనకు ప్రాణమని గుట్టంతా చెప్పుకు తిరిగాడు.

మొదట్లో అంబలి చిక్కగానే ఉండేది. రానురాను పలచబడి, పిల్లలు గిన్నెలోకి వంగితే వాళ్ల మొహాలే కనిపించసాగాయి. వేరుశనగల జాడే లేదు. సుంకులమ్మ వెళ్లి అడిగింది. నీరసపు కడుపులకు చిక్కటి తిండి పడదనీ, ఆ ప్రమాదం పిల్లలకు రాకూడదనే అడుగున మిగిలే ముద్దంతా తానే తినేస్తున్నాననీ సింగారప్ప ఎంతో బాధగా చెప్పాడు. చెబుతుంటే మూతికి అంటుకున్న పల్లీ పొట్టు కదులుతూనే ఉంది.

ఇంతలో నాగరత్నమ్మ పిల్లల్ని చూడటానికి వస్తోందని కబురొచ్చింది. సింగారప్పకు ముచ్చెమటలు పోశాయి. ఏటిగట్టు చెరుకుతోటల్లో తిని బలిసిన పందిపిల్లల్ని, పుచ్చకాయలు పెడతానని ఆశపెట్టి తీసుకొచ్చాడు. ఒంటి మీద బురద కడిగి వరసగా నిలబెట్టాడు. వచ్చే పెద్దావిడకు దిగులు కలగకూడదంటూ గుట్ట పిల్లల్నీ తల్లుల్నీ బండ వెనక్కి పంపేశాడు.

గుట్ట పిల్లల్ని మునుపెన్నడూ చూడని నాగరత్నమ్మ వచ్చింది. పందిపిల్లల బుగ్గలు తొండంతో నిమిరి మురిసిపోయింది. బండ చాటునుంచి సుంకులమ్మ అంతా చూసింది. మోసం జరిగిందని చెబితే, ఆ మాటకారి ముందు తన మాట నిలవదని ఆమెకు తెలుసు. బిడ్డను పక్కనున్న కుందేలుకు అప్పగించి మెల్లగా ముందుకొచ్చింది.

"పెద్దమ్మా, నీ పుణ్యమా అని పిల్లలు ఎలా ఉన్నారో చూశావుగా. ఇక మాకు బస్తాలు అక్కర్లేదు. పక్క గుట్టకు పంపించు" అంది.

అంటూనే ఓరకంట నక్క వైపు చూసింది. నక్క గనక నోరు మూసుకుంటే, ఆ నీళ్ల అంబలి కూడా బిడ్డకు దక్కదు.

నాగరత్నమ్మకు ఆ మాట న్యాయంగానే తోచింది. ఇంత ఒళ్లు చేసిన పిల్లలకు ఇంకా పెడితే అరగదని చెప్పి, ఉన్న బస్తాలు కూడా ఎత్తమని వెంట వచ్చిన ఏనుగులకు పురమాయించింది. వేరుశనగ బస్తా గాల్లోకి లేవడం చూసేసరికి సింగారప్ప ప్రాణం విలవిల్లాడింది.

"ఆగండమ్మగారూ, వీళ్లు మా పిల్లలు కారు. మావాళ్లు బండ వెనక ఉన్నారు, గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నారు" అనేశాడు.

పందిపిల్లల్లో పెద్దది అదే అదనుగా, "మామా, పుచ్చకాయలు ఎప్పుడిస్తావు?" అని అడిగింది.

నాగరత్నమ్మ బండ వెనక్కి వెళ్లి ఒక్కో పిల్ల డొక్కనూ తొండంతో తడిమి చూసింది. తిరిగొచ్చి ఒక్కటే అడిగింది.

"మరి నేను పంపిందంతా ఎవరు తిన్నారు, సింగారప్పా?"

అతను పొట్ట లోపలికి పీల్చుకోబోయాడు. అది పోలేదు.

ఆ రోజు నుంచీ తల్లులే వంతులేసుకుని వండారు. పిల్లలు తిన్నాకే పెద్దలకు. సింగారప్పకు పల్లీలు దంచే పని పడింది. దంచుతున్నంతసేపూ గొంతెత్తి పాడుతూ ఉండాలని నాగరత్నమ్మ షరతు పెట్టింది. పాట ఆగితే చాలు, నోట్లో ఏం పడిందోనని తల్లులంతా తలలు తిప్పి చూసేవారు.

వానలు పడేనాటికి సుంకులమ్మ బిడ్డ లేచి నిలబడింది, నడిచింది, ఒకనాడు దంచుతున్న నక్కను వెనకనుంచి ఒక్క కుమ్ము కుమ్మి గంతులేస్తూ పారిపోయింది. పాట టక్కున ఆగింది. ఆ పూట మాత్రం ఎవరూ నక్క వైపు చూడలేదు. అందరూ పరిగెత్తే ఆ పిల్లనే చూస్తున్నారు.

పిల్లలకు పెట్టామని ఎవరు చెప్పినా, చెప్పేవాడి మాటలు కాదు, పిల్లల డొక్కలు చూడాలి.