అమ్మకి లేని మంచం

అనగనగా అనగానే రాజు గుర్తొస్తాడు కదా, కానీ ఈ కథ ఒక వడ్రంగిది. పేరు నాగోజు. రాజుగారి కోట కిందే వాళ్ళ ఊరు.

ఆ ఊళ్ళో ఇంట్లో సామాను చూసి మనిషి ఎవరో చెప్పేసేవాళ్ళు. మంచం ఉంటే దొర. చెక్క తలుపు ఉంటే షావుకారు. ఉయ్యాల ఉంటే రాజుగారి చుట్టం. మిగతావాళ్ళకి చాప, తడిక, అంతే. ఎవడైనా రూలు దాటితే తలారి పోలయ్య వచ్చి సామాను పట్టుకుపోతాడు.

ఊళ్ళో మంచాలన్నీ చేసింది నాగోజే. వాళ్ళమ్మ పడుకునేది మాత్రం నేల మీద.

ఆ ఏడు వాన వదల్లేదు. నేలంతా చెమ్మ. అమ్మకి దగ్గు పట్టుకుంది. నేల మీంచి లేపకపోతే బతకదని వైద్యుడు చెప్పేశాడు.

నాగోజు మిగిలిన చెక్కలతో జానెడు ఎత్తు మంచం చేశాడు. పోలయ్య వచ్చాడు. ఎత్తు ఎంతైతే ఏంటి, కోళ్ళు ఉన్నాయిగా అన్నాడు. పట్టుకుపోయాడు.

ఈసారి కోళ్ళే లేకుండా నాలుగు రాళ్ళ మీద చెక్క పలక పరిచాడు. పోలయ్య దాని చుట్టూ తిరిగి చూసి, ఇంత పలకంటే తలుపే, తలుపంటే షావుకార్లదే అన్నాడు. రాళ్ళు మాత్రం ఉంచుకోమన్నాడు.

మూడోసారి అసలు చెక్కే లేదు. చాపకి తాళ్ళు కట్టి దూలానికి వేలాడదీశాడు. అమ్మ ఆ ఒక్క పూట దగ్గకుండా నిద్రపోయింది. అంతలోనే పోలయ్య గుమ్మంలో ఉన్నాడు.

"ఊగుతోందా?"

"ఊగుతోంది పోలన్నా. కానీ అది చాపే."

"ఊగితే ఉయ్యాలే. దింపు."

"నీ కాళ్ళు పట్టుకుంటా. వాన తగ్గేదాకా ఉంచు."

"నాదేముంది నాగోజూ, రూలు. నిన్ను వదిలితే రేపు ఊరంతా ఊగుతుంది."

తాళ్ళు కోసేశాడు. నాలుగో రోజు అమ్మ చనిపోయింది.

నాగోజు వెదురు కోసి పాడె కట్టాడు. అమ్మని నేల మీంచి ఎత్తి దాని మీద పడుకోబెట్టాడు. మోసుకెళ్తుంటే దారిలో పోలయ్య ఎదురొచ్చాడు. నాగోజు ఆగాడు.

"పోలన్నా, ఇది ఎవరి సామాను? చెప్పు, దింపేస్తా."

పోలయ్య తలపాగా తీసి పక్కకి జరిగాడు.

పోలయ్య వానలో తడుస్తూ తన ఇంటికెళ్ళి తడిక తీశాడు. మూల తడి నేల మీద చాప, దాని మీద వాళ్ళమ్మ. దగ్గుతోంది.

మంచం చెయ్యమని నాగోజుని పిలవాలనిపించింది. కానీ ఏ మొహంతో పిలుస్తాడు?

పక్కింటి అమ్మని నేల మీంచి లేవనివ్వని రూలుకి మనం కాపలా కాస్తే, అది మన అమ్మని కూడా లేవనివ్వదు.