పొట్లంలో పోయిన రెక్కల పాము

బొరుగుల బట్టీ దాలయ్య ఇంట్లో ముగ్గురు. దాలయ్య, పెళ్ళాం నరసాయమ్మ, పెళ్ళికాని తమ్ముడు పోతురాజు. ముగ్గురికి ముగ్గురూ తెలివైనవాళ్ళు. ఎవరు చెప్పారంటే, వాళ్ళే చెప్పారు. "ఊళ్ళో జనం సగం వింటారు, సగం ఊహించుకుంటారు. మనం చెప్పింది చెప్పినట్టు పట్టుకుంటాం. అదీ తెలివంటే" అని దాలయ్య రోజూ మీసం దువ్వుకునేవాడు.

పొట్లాలు కట్టడానికి కొన్న పాత కాగితాల్లో ఒకసారి అట్టలేని లావుపాటి పుస్తకం వచ్చింది. ఫాంటసీ నవల. ఆ మాటే వాళ్ళు ఎరగరు. అంతవరకూ చదివినవి కరెంటు కోత వార్తలూ, శుభలేఖలూ. అచ్చులో అబద్ధం కూడా వేస్తారని వాళ్ళకెవరూ చెప్పలేదు. పోతురాజు బట్టీ పక్కన కూర్చుని పైకి చదివాడు. బురుజులో బందీగా రాకుమార్తె, ఆమెను బంధించిన మాంత్రికుడు, దింపినవాడికే పిల్లనిస్తామని చాటింపు, నిప్పులు కక్కే రెక్కల పాము. ఇంకేముంది, మూకుడులో బొరుగులు మాడి బొగ్గయినా ఒక్కరూ లేవలేదు.

"తరవాతేంట్రా?"

"'పాఠకులారా, ఊపిరి బిగబట్టండి, మాంత్రికుడు వస్తున్నాడు' అని ఉందన్నా."

ముగ్గురూ బిగబట్టారు. ఊపిరి బిగబట్టి పోతురాజు చదవలేడు. అతను చదవందే మాంత్రికుడు రాడు. మొహాలు వంకాయలయ్యాయి. ముందు నరసాయమ్మ పడింది. అంతే, ఆమె మీద మిగిలిన ఇద్దరూ పడ్డారు.

లేచి చదివితే రాకుమార్తె పస్తులుంటోందని తెలిసింది. నరసాయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని, గుప్పెడు బొరుగులు ఆ పేజీలో పోసి, పుస్తకం మూసి, మాంత్రికుడు ఎత్తుకుపోకుండా పైన రోటి పొత్రం పెట్టింది. తెల్లారి తెరిస్తే పొడి.

"తినేసిందయ్యా. మనకి కాస్త పొడి మిగిల్చింది. రాచపిల్ల కదా, మర్యాద తెలుసు."

ఆ పొద్దు నుంచి ఆ పిల్ల దాలయ్యకి సొంత కూతురైపోయింది. పిల్ల బురుజులో ఉండగా అతనికి ముద్ద దిగడం మానేసింది.

"రెక్కల పాము బురుజు వైపు ఎగిరింది" అన్న దగ్గర పోతురాజు ఆగాడు. దాలయ్య పుస్తకానికి దూరంగా జరిగాడు.

"ఎంత దూరంలో ఉందిరా?"

"పేజీ తిప్పితే వచ్చేస్తుందన్నా."

"అయితే తిప్పకు. చింపెయ్."

పోతురాజు ఫర్రున చింపితే, దాలయ్య అందులో బొరుగులు కట్టి, అప్పుడే వచ్చిన ఎదురింటి సోములమ్మకి అమ్మేశాడు. సోములమ్మ పూరింట్లో ఒంటరిగా ఉంటూ పాలమ్ముకునే ముసలావిడ. ఆవిడ అటు వెళ్ళగానే నరసాయమ్మ నోరు నొక్కుకుంది.

"నిప్పులు కక్కే పాముని పూరింటికి పంపావేంటయ్యా?"

ఇంకేముంది, ముగ్గురూ బిందెలతో పరుగు. గడపలోంచే నీళ్ళు కుమ్మరించారు. పొయ్యి ఆరింది, పాలు నేలపాలయ్యాయి, పొట్లం కాగితం చదువుకుంటున్న సోములమ్మ నిలువునా తడిసింది.

"మీ బుర్రలు బట్టీలో పెట్టా. మంచి పట్టులో ఉన్నాను కదరా. పాము వీపున రాకుమారుడున్నాడు. ఆ పిల్లని దింపడానికే వస్తున్నాడు. ఇప్పుడు చూడు, కాగితం ముద్దయిపోయింది."

దాలయ్య అక్కడే కూలబడ్డాడు. "అయ్యో, అల్లుణ్ణి చేతులారా నీళ్ళలో ముంచేశానే. ఇక నా పిల్లని దింపేదెవరు?"

"మనింట్లో నిచ్చెన లేదా ఏంటన్నా?" అన్నాడు పోతురాజు.

అంతే. వాకిట్లో పుస్తకాన్ని బురుజు పేజీ దగ్గర తెరిచి, దానికి నిచ్చెన ఆనించారు. ఆడపిల్ల దిగుతుంటే చూడకూడదని ముగ్గురూ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు.

అవతల సోములమ్మకి మనసాగలేదు. ఆ పిల్ల సంగతి తేలకపోతే ఆవిడకి పొయ్యి వెలిగించ బుద్ధికాలేదు. తడిచీరతోనే వచ్చి, నిచ్చెన కిందనుంచి పుస్తకం లాక్కుంది. అలికిడికి దాలయ్య తిరిగి చూశాడు. నిచ్చెన మొదట్లో ఆడమనిషి.

"దిగొచ్చావా తల్లీ" అని చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

"అన్నా, అచ్చం సోములమ్మత్తలా ఉందే."

"ఉంటుంది మరి. మాంత్రికుడు ఊరికే వదుల్తాడా, ముసలిదాన్ని చేసి పంపాడు. దింపినవాడికే పిల్లనిస్తామని పుస్తకంలో చదివింది నువ్వే, నిచ్చెన తెచ్చిందీ నువ్వే. దండ వెయ్యి, పిల్లని నిలబెట్టకు."

పోతురాజు బుద్ధిగా గుమ్మానికున్న బంతిపూల తోరణం తెంపి ఆవిడ మెడలో వేశాడు. సోములమ్మ ఆ లావుపాటి పుస్తకంతోనే అతని చెంప వాయించింది.

దాలయ్య మొహం వెలిగిపోయింది. "చూశావటే నరసాయమ్మా, ఎంతైనా రాచబిడ్డ. దెబ్బలోనే తెలిసిపోతోంది. పోయి పంతుల్ని పిలువు."