కాశమ్మ చేలో బాట

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే కథ. లేకపోతే నోరు నొప్పి నాకే మిగులుతుంది. కొట్టండి మరి, ఊఁ.

అనగా అనగా, ఎడ్లు పోయి యంత్రం రాని నడిమి కాలంలో, ఒక నల్లరేగడి ఊరు. ఆ ఊళ్ళో కాశమ్మ అని ఒక ముసలమ్మ. మొగుడు పోయాడు. బిడ్డలు పుట్టి పోయారు. మిగిలింది వాగు పక్కన రెండెకరాలు కూడా లేని చేను. అందులో జొన్న పండితే ఏడాదంతా రొట్టె. పండకపోతే పస్తు.

ఒక ఏడు ఆ ఊళ్ళో పశువులకు రోగం తగిలింది. ఈ వీధిలో ఒక కాడి, ఆ వీధిలో ఒక కాడి, చూస్తుండగానే కొట్టాలన్నీ ఖాళీ అయినాయి. కాశమ్మకున్న ఒక్క ఎద్దూ పోయింది. నేల నానింది, విత్తనం ఉంది, దున్నేదెట్లా? ఆ ఏడు ఆడవాళ్ళు మెడ మీద కాడి మోశారు. చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే.

అప్పుడు ఊరి పెద్ద కొండారెడ్డి పట్నం పోయి, ఊరందరికీ కలిపి ఒక ట్రాక్టరు తెచ్చాడు. నడపడానికి మద్దిలేటి అనే మనిషినీ తెచ్చాడు. ఊరంతా ఎదురెళ్ళింది. పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, టెంకాయ కొట్టారు. అన్నీ చేశారు. దారి ఒక్కటే చూసుకోలేదు, మారాజులు.

ఎద్దయితే గట్టెక్కుతుంది, గట్టు దిగుతుంది. అంత ఇనుము గట్టెట్లా దిగుతుంది? ఊరికీ పొలాలకూ నడుమ ఒక పక్క గుట్ట, ఒక పక్క వాగు. మధ్యలో మూడు చేలు. ఆ మూడింటిలో ఏదో ఒకటి దారి ఇస్తే తప్ప యంత్రం లోపలికి పోలేదు.

మొదటి చేను కొండారెడ్డిదే. "అది మా తాత వేసిన గట్టు. జానెడు కూడా కదలనివ్వను" అన్నాడు. యంత్రం తెచ్చినాయనే ఆ మాట అన్నాడు, వింటున్నారా.

రెండో చేను కరణం గారిది. "నేనైతే ఇచ్చేవాణ్ణే, మా తమ్ముడు ఒప్పుకోడు" అన్నాడు. తమ్ముణ్ణి అడిగితే, "నేనైతే ఇచ్చేవాణ్ణే, మా అన్న ఒప్పుకోడు" అన్నాడు.

మూడో చేను కాశమ్మది.

"కాశమ్మా, దారి నువ్వే ఇయ్యాల. ఊరు బతకాల గదా. నీ చేను అందరికంటే మొదట దున్నిస్తా. ఇది నా మాట" అన్నాడు కొండారెడ్డి.

"నా చేను దున్నితే చాలు రెడ్డీ. ఊరు బతికితే నేను బతకనా" అంది కాశమ్మ. తన గట్టు తానే పారతో తెగ్గొట్టింది.

హస్త కార్తెలో వాన పడింది. ట్రాక్టరు కాశమ్మ చేను మొగదల వచ్చి నిలబడింది. కాశమ్మ విత్తనాల గంప పట్టుకుని ఎదురొచ్చింది. "రెడ్డీ, మరి నా చేను?"

మద్దిలేటి దిగి మట్టి పిసికి చూశాడు. "అవ్వా, నీది ముందు దున్నితే నేల గుల్లబారుతుంది. ట్రాక్టరు దిగబడుతుంది. ఇంక లోపలికి పోయే దారి ఉండదు. లోపలివన్నీ అయినాక నీది."

"ఒక్క ఏడే గదా కాశమ్మా" అన్నాడు కొండారెడ్డి.

లోపలివన్నీ అయ్యేసరికి విశాఖ కార్తె వచ్చింది. అదనెరిగి సేద్యం, పదనెరిగి పైరు అన్నారు పెద్దలు. కాశమ్మకు అదనూ పోయింది, పదనూ పోయింది. జొన్న మోకాలెత్తు లేచి ఎండిపోయింది, కంకి పట్టలేదు. ఊళ్ళో మాత్రం జొన్న పాతర్లు నిండాయి.

రెండో ఏడు వాన పడింది. "రెడ్డీ, మరి నా చేను?" అంది కాశమ్మ. "లోపలివన్నీ అయినాక నీది. ఒక్క ఏడే గదా" అన్నాడు కొండారెడ్డి. ఆ ఏడు బాట ఇంకా వెడల్పయింది. ఆఖరున మద్దిలేటి నాగలి దించితే, చక్రాలు తొక్కి తొక్కి గట్టిపడిన నేల దిగనిస్తేనా? గీతలు పడ్డాయి, అంతే. ఆ గీతల్లోనే కాశమ్మ గింజలు వేసింది. చీమలు తీసుకుపోయాయి. ఊళ్ళో పాతర్లు మళ్ళీ నిండాయి.

మూడో ఏడు కాశమ్మ ఎవర్నీ అడగలేదు. వానకు ముందే గునపం పట్టింది. బాట పక్కన వాగు వైపు నాలుగు మంచాలు పట్టేంత నేల తవ్వింది. ఆ వయసులో, ఆ ఎండలో, ఎట్లా తవ్విందో ఆమెకే తెలియాల. మొదటి వానకే గింజ వేసింది. మొలిచింది. పచ్చగా, వరసగా మొలిచింది. పొద్దున్నే పోయి ఆ మొలకల పక్కన కూర్చునేది. ఆ నాలుగు రోజులే ఆమె నవ్వడం చూశామని చెప్పేవాళ్ళు.

పెద్ద వాన పడింది. బాటంతా రొచ్చయింది. ట్రాక్టరు పోవాలంటే బురద తప్పించి వాగు వైపు తిరగాల. వాగు వైపు మొలకలున్నాయి. కాశమ్మ పోయి మొలకల ముందు నిలబడింది.

మద్దిలేటి ఇంజను ఆపాడు. వెనక ఊరంతా గంపలతో నిలబడి ఉంది.

"జరుగు కాశమ్మా. పదను ఆరిపోతోంది. ఇంతమంది నోటికాడి కూడు" అన్నాడు కొండారెడ్డి.

"పక్కనే నీ చేను ఉంది గదా రెడ్డీ. ఈ ఒక్కసారికి అట్లా పోరాదా?"

"అది మా తాత గట్టు."

కాశమ్మ కరణం వైపు చూసింది. కరణం తమ్ముడి వైపు చూశాడు. కాశమ్మ ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ పోయింది. ఆమె దారిలో పోయి పండించుకుని తిన్నవాళ్ళే అందరూ. ఒక్కరు, ఒకే ఒక్కరు, నా చేలోంచి పోండి అని ఉంటే బాగుండేది. అనలేదు. ఈ చోటికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కాశమ్మ జరిగింది. చక్రాలు మొలకల మీదుగా పోయాయి. వెనక ఊరు పోయింది.

ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరైనా రొట్టె తెచ్చినా తలుపు తీయలేదు. కోతలైనాక లోపలి చేలల్లో రాలిన కంకులు ఏరుకునేది. ఆ చేలకు దారి తనదే. ఆ చేలల్లో పరిగె ఏరుకునేదీ తానే. ఒక మధ్యాహ్నం కరణం గారి లోపలి చేలో వంగి ఏరుతూ అట్లాగే ఒరిగిపోయింది. ఒళ్ళో గుప్పెడు కంకులున్నాయి. ఊరంతా ఏడ్చింది. ఏడవడానికేం, గట్టు తెంచనక్కరలేదు గదా.

మరుసటి ఏడు వాన పడింది. ట్రాక్టరు కాశమ్మ చేలోకి రాగానే ఆగిపోయింది. తోశారు, లాగారు, మొక్కారు. కదల్లేదు. నూనెలో చెత్త పడిందంటాడు మద్దిలేటి. మద్దిలేటి మాట ఎవరు విన్నారు? కొండారెడ్డి మొహం మాడిపోయింది. ఎవరూ చెప్పకుండానే గంపలోంచి గుప్పెడు జొన్నలు తీసి చక్రాల ముందు చల్లాడు. "కాశమ్మా, మొదటి గింజ నీకే" అన్నాడు. ఇంజను అందుకుంది.

అప్పటినుంచీ అది ఆచారమైంది. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా "మొదట నీకే" అని ఎవరైనా మాటిస్తే, "కాశమ్మకిచ్చినట్టేనా?" అని అడుగుతారు. కొండారెడ్డి పోయాడు, కరణం పోయాడు, వాళ్ళ తాతల గట్లు మాత్రం చెక్కుచెదరలేదు. ట్రాక్టర్లు ఎన్నో వచ్చాయి. దారి ఆ ఒక్కటే. వాన పడగానే ముందు ఆ బాటలో గుప్పెడు గింజలు చల్లి, దండం పెట్టి, అప్పుడు ట్రాక్టరు ఎక్కిస్తారు.

బతికుండగా ఒక్క ఏడూ ఊళ్ళోవాళ్ళు ఆమె చేనుకు మొదటి వంతు ఇవ్వలేదు. ఇప్పుడు ఏటేటా, అందరికంటే ముందు, ఊరి గింజ ఆమె చేలోనే పడుతుంది. చక్రాల కింద కదా, ఒక్కటీ మొలవదు.