ఆకు తిన్న నత్త

అనగా అనగా వాన వెలవని ఒక పెద్ద అడవి, ఆ అడవినేలే ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. అక్కడ చెట్టుచెట్టుకీ పచ్చనత్తలు పాకుతుండేవి. ఏడు సముద్రాల అవతలి నుంచి ధూమకేశుడనే మాంత్రికుడొచ్చాడు. తన కోటకు సున్నం కావాలని ఆ నత్తల్ని బుట్టలకెత్తించి, ప్రాణాలతోనే బట్టీలో కాల్చాడు. ఒకే ఒక్కటి మిగిలింది. పొగ చూస్తూ ఆ నత్త ఏడవలేదు. దానికి కోపంతో ఒళ్ళు మండిపోయింది.

మాంత్రికుణ్ణి చంపుతానని పెద్ద రాకుమారుడు వెళ్ళాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాయైపోయాడు. మూడోవాడు చారుధీరుడు బయల్దేరుతుంటే నత్త తననూ తీసుకుపొమ్మంది. అతను నవ్వలేదు. భుజం మీద ఎక్కించుకున్నాడు.

సముద్రాలన్నీ దాటి కోట చేరారు. అక్కడ చెరలో ఉన్న రాకుమారి హేమలేఖ కిటికీలోంచి రహస్యం చెప్పింది. పెరట్లో ఒక ఇనపచెట్టు ఉందట. దాని చిటారున ఒకటే ఆకు, ఆ ఆకులోనే మాంత్రికుడి ప్రాణం. మానుకు మొదట ముళ్ళు, ఆపైన కత్తులు, ఆపైన నల్లతాచు.

చారుధీరుడు మూడుసార్లు ఎక్కబోయాడు, మూడుసార్లూ ఒళ్ళు చీరుకుని పడ్డాడు. ఇక పొదలో దాగి కావలి కాశాడు. నత్త పాకింది. ముళ్ళ మీద జిగురు పరుచుకుంటూ పాకింది. కత్తుల అంచుల మీద జిగురు పరుచుకుంటూ పాకింది. తాచు కాటేస్తే గుల్లలోకి ముడుచుకుంది, పాము కోరలే విరిగాయి. అలా పాకి పాకి మూడోనాటి పొద్దుటికి ఆకు చేరింది.

ఒక్క కొరుకు కొరికింది. మాంత్రికుడి కాళ్ళు పడిపోయాయి. ఇంకో కొరుకు కొరికింది. చేతులు పడిపోయాయి. వాడు దొర్లుకుంటూ చెట్టు కిందికొచ్చి, ఆపితే ఏడు దీవులూ ఇస్తానని బతిమాలాడు.

"నువ్వు కాల్చినవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పు, ఆపుతాను" అంది నత్త.

"నత్తలకు పేర్లుంటాయా?" అన్నాడు వాడు.

నత్త మిగిలిన ఆకంతా తినేసింది. మాంత్రికుడు గుప్పెడు బూడిదయ్యాడు. అన్నలిద్దరూ రాళ్ళలోంచి లేచారు.

అందరూ అడవికి తిరిగొచ్చాక చారుధీరుడికీ హేమలేఖకూ ఘనంగా పెళ్ళయింది. ఏం వరం కావాలో కోరుకోమని నత్తతో అన్నాడు రాజు. తనకేమీ వద్దనీ, అడవి గడప దాటి ఇక ఏ బుట్టా రాకూడదనీ చెప్పింది నత్త. రాజు అలాగే చాటించాడు.

"ఇంకా కోపమేనా?" అని చారుధీరుడు మెల్లగా అడిగాడు.

"ఇంకా కోపమే" అంది.

ఆ వానల్లో అది ఆకుల కింద ముప్పై గుడ్లు పెట్టింది. అవి పగిలి, మెత్తటి గుల్లల పిల్లలు చెట్టెక్కడం మొదలుపెట్టేదాకా అక్కడి నుంచి కదలలేదు. చారుధీరుడూ హేమలేఖా నూరేళ్ళు ఏలారు. ఆ నూరేళ్ళూ అడవిలో అందరూ కింద చూసుకునే అడుగేశారు.