గవర్రాజు మాస్టారి ఆరేళ్ళ ఆట

చిన్న కథ ఒకటి చెబుతాను. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాళ్ళు కూడా కూర్చోవచ్చు, పొంగేలోగా అయిపోతుంది.

బొండాడపాలెంలో గవర్రాజు అనే డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. నలుగురూ కలిసి చేసే పని ఏదైనా సరే, నలుగురి వంతూ తానే చేయడం ఆయనకున్న జబ్బు. తన పెళ్ళిలో పీటల మీద నుంచి లేచి, వడ్డన ఎలా సాగుతోందో చూసి వచ్చాడని చెప్పుకుంటారు. నేను ఆ పెళ్ళికి వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు చెప్పారు. గుత్తివంకాయ మాడిందని కూడా చెప్పారు. వండినవాడు మా వీధివాడే. పేరు చెప్పను. ఇప్పటికీ పెళ్ళి వంటలు ఒప్పుకుంటూనే ఉన్నాడు, జనం తింటూనే ఉన్నారు. సరే, మాస్టారి దగ్గరకు వద్దాం.

మాస్టారు ఒక వేసవిలో శిక్షణకని పట్నం వెళ్ళాడు. పట్నం వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఒక చొక్కా కొనుక్కొస్తారు. ఈయన ఒక ఆట నేర్చుకొచ్చాడు. ఆ ఆటలో ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక పాత్ర అవుతారు. "నేను గోడ దూకుతాను" అని ఒకరంటే, ఇరవై ముఖాలున్న పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే దూకినట్టు. చిన్న అంకె పడితే కాలు విరిగినట్టు. కథ ఒక్క రోజులో అవదు, వారం వారం సాగుతుంది. మాస్టారి కథ ఆరేళ్ళు సాగింది.

ఆడేవాళ్ళు ముగ్గురు. పశువుల ఆసుపత్రిలో పనిచేసే జోజి కథలో మహావీరుడు. బయట మాత్రం కోడిపుంజు ఎదురొస్తే దారి మార్చుకునేవాడు. టైలరు మస్తాన్ మంత్రగాడు. చిటికెలో కొండను మాయం చేసేవాడు గానీ, చెప్పిన రోజుకు జాకెట్టు ఇవ్వలేకపోయేవాడు. అంగన్‌వాడీ టీచరు నూకరత్నానిది దొంగ పాత్ర. ఆ పాత్ర ఆమెకు మాస్టారే ఇచ్చాడు. ఎందుకిచ్చారండీ అని ఆమె అడుగుతూనే ఉండేది.

కథ ఏమిటంటే, ఒక రాక్షసుడు ఒక ఏటిని పట్టి తన కోటలో బంధించాడు. ఈ ముగ్గురూ వెళ్ళి దాన్ని విడిపించాలి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రి వరండాలో ఆట.

మొదటి ఏడాది అందరూ ఒంటిగంటన్నరకే వచ్చేవాళ్ళు. రెండో ఏడాది రెండున్నరకు వచ్చేవాళ్ళు. ఆ తర్వాత పెద్దవాళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఒకరికి పెళ్ళి, ఒకరికి నడుం నొప్పి, ఒకరికి అత్తగారు. ఎవరో ఒకరు రాలేదని ఆట ఆపడం మాస్టారికి ఇష్టం లేకపోయింది. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. రానివాళ్ళ పాత్రకు జ్వరం వచ్చినట్టు లెక్క. జ్వరంతోనే గుర్రమెక్కి మిగిలినవాళ్ళ వెనకాల వస్తుంది. దాని తరఫున మాస్టారే మాట్లాడతాడు, మాస్టారే పాచిక వేస్తాడు.

అదే కొంప ముంచింది. తాము రాకపోయినా ఆట ఆగదని తెలిశాక ఎవరు మాత్రం ఎండలో పరుగెత్తుకొస్తారు? కథలో జ్వరాలు పెరిగాయి. ఒక్క వర్షాకాలంలో జోజి వీరుడికి తొమ్మిదిసార్లు వచ్చింది.

ఒక ఆదివారం మస్తాన్ ఒక్కడే వచ్చాడు. అదీ ఒక జాకెట్టు తెచ్చుకుని, హుక్కులు కుట్టుకుంటూ కూర్చున్నాడు. మాస్టారు సేనాపతిలా అరిచాడు. జోజి బదులు వీరుడిలా తానే జవాబిచ్చాడు. నూకరత్నం బదులు దొంగలా గుసగుసలాడాడు. గుర్రంలా సకిలించాడు. ఇలా మూడు గంటలు.

చివరికి, "మంత్రగాడు గారూ, ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగాడు.

మస్తాన్ దారం కొరికి, "మీ ఇష్టం మాస్టారూ, మీకేది బాగుంటే అది కానివ్వండి" అన్నాడు.

మాస్టారు చాలా అలిసిపోయాడు. ఆయన నడక చూసి కిరాణా కొట్టువాడు అడక్కుండానే తలనొప్పి బిళ్ళ ఇచ్చేవాడు. ఆ కొట్టువాడు ఎవరికీ ఏదీ అడక్కుండా ఇచ్చే మనిషి కాడు. నూకరత్నానికి జాలేసింది.

"మాస్టారూ, ఒక్క వారం కథ నేను చెప్తాను. మీరు హాయిగా కూర్చోండి" అంది.

"నీకు కథ మొత్తం తెలియదు కదమ్మా."

"ఆరేళ్ళ నుంచి అందులోనే ఉన్నాను కదండీ!"

"ఉండటం వేరు, తెలియడం వేరు" అన్నాడు మాస్టారు.

మరుసటి వారం దొంగకు జ్వరం వచ్చింది.

అంతలో జోజికి బదిలీ అయింది. ఎక్కడో రెండు వందల కిలోమీటర్ల అవతలికి. సోమవారం వెళ్ళి చేరాలి. మిగిలింది ఒక్క ఆదివారం. వీరులు కోట గుమ్మం దాకా వచ్చారు గానీ, ఏరు ఇంకా లోపలే ఉంది. ఆ ఆదివారం తేలకపోతే ఆరేళ్ళ కథ ముగింపు లేకుండానే పోతుంది. మాస్టారికి అన్నం సహించలేదు. చివరి ఆట ఎక్కడా తప్పకూడదని అన్ని గొంతులూ తానే పెట్టి ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. గురువారానికి గొంతు పోయింది.

డాక్టరు చూసి, "పదిహేను రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకండి" అన్నాడు.

"అలాగేనండీ" అని మాస్టారు బొంగురుగా అన్నాడు.

"అది కూడా అనకండి" అన్నాడు డాక్టరు.

మాస్టారు రెండు రోజులు కూర్చుని నలభై రెండు పేజీలు రాశాడు. ఆదివారం ఆ కట్టను నూకరత్నం చేతిలో పెట్టాడు. పైన ఒక చీటీ ఉంది: "ఉన్నది ఉన్నట్టు చదువు. ఒక్క మాట కూడా మార్చకు."

ఆ రోజు ఒంటిగంటన్నరకే అందరూ వచ్చేశారు. నూకరత్నం మొదటి పేజీ తీసింది. "కోట ద్వారం మీద చెక్కిన వెయ్యిన్నూట పదహారు సర్పాలలో మొదటి సర్పం..." అని చదివింది. పేజీ తిప్పింది. సర్పమే. ఇంకోటి తిప్పింది. ఇంకో సర్పం. కాగితాలు మూసి పక్కన పెట్టింది.

"నాకు పిల్లలకు చెప్పినట్టు చెప్పడమే వచ్చు. వింటారా?"

"చెప్పక్కా. సాయంత్రం నేను సామాను కట్టుకోవాలి" అన్నాడు జోజి.

మాస్టారు రెండు చేతులూ ఊపాడు. 'తప్పు' అని చీటీ రాసి ఇచ్చాడు. మస్తాన్ దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"ఏమంటున్నారు?" అంది నూకరత్నం.

"బాగుంది, కానిమ్మంటున్నారు."

నూకరత్నం మొదలుపెట్టింది. "తలుపు తోశారు. తెరుచుకుంది. లోపల సైన్యం లేదు. రాక్షసుడు ఒక్కడే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు."

"కత్తి దూస్తాను!" అన్నాడు జోజి.

"ఆగు జోజీ. ముందు మాట్లాడదాం" అన్నాడు మస్తాన్. ఆరేళ్ళలో అతను సొంతంగా వేసిన మొదటి ఎత్తు అది. "రాక్షసుడు గారూ, ఈ ఏటిని ఎందుకు పట్టుకుని కూర్చున్నారు?"

నూకరత్నం రాక్షసుడి గొంతు పెట్టింది. "వదిలేస్తే దీన్ని ఎవరూ సరిగ్గా చూసుకోరేమోనని భయం" అంది.

ముగ్గురిలో ఎవరూ మాస్టారి వైపు చూడలేదు.

"మేం చూసుకుంటాం. నువ్వు లేచి కాస్త నడుం వాల్చు" అన్నాడు జోజి. పాచిక వేశాడు. నాలుగు పడింది. అతని మొహం వాడిపోయింది.

నూకరత్నం ఆ నాలుగును చూసి, "చాల్లే, సరిపోతుంది" అంది.

రాక్షసుడు పక్కకు జరిగాడు. ఏరు తలుపులోంచి బయటకు వచ్చింది. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. జోజి కళ్ళు తుడుచుకున్నాడు. ఎండ అన్నాడు. వరండాలో ఎండ లేదు.

ఇప్పుడు మాస్టారు ఏమంటాడోనని ముగ్గురూ భయపడుతూ ఆయన వైపు తిరిగారు. మాస్టారు గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. చేతిలో సగం రాసిన చీటీ ఉంది. 'తలుపు తోస్తే అంత తేలిగ్గా' అని ఉంది, అంతే. ఆయన్ని ఎవరూ లేపలేదు. జోజి సామాను కట్టుకుని, దణ్ణం పెట్టడానికి మళ్ళీ వచ్చేసరికి కూడా నిద్రలోనే ఉన్నాడు.

పదిహేను రోజుల తర్వాత మాస్టారికి గొంతు వచ్చింది. కథను ఇలా పాడు చేస్తారా అని తిడతాడని ఊరంతా ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు. ఏరు బయటకు వచ్చిందా, రాక్షసుడు ఏమయ్యాడు అని కూడా అడగలేదు. ఈ రోజు వరకూ అడగలేదు. "ఆ మధ్యాహ్నం బాగా నిద్రపట్టింది" అన్నాడు.

నీతి: నలుగురి పని ఒక్కడే మోస్తే వాడికి అలసట మిగులుతుంది, మిగిలినవాళ్ళకు ఆ పని మీద మమకారం పోతుంది, కాబట్టి ఎవరైనా చేయి అందించినప్పుడే భారం పంచి ఇవ్వాలి.