ఈదమ్మ పొయ్యిలో నిప్పు

అనగనగా ఒక ఊళ్ళో ఈదమ్మ అని ఒక రైతు ఇల్లాలు. ఆమెకి అన్యాయం జరిగింది. రాజుల కాలంలో కాదు తల్లీ, పందొమ్మిది వందల నలభై తొమ్మిది, శ్రావణంలో. చేసినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కళ్ళు మూసుకుని విను, చెవులు మాత్రం మూయకు.

ఆ ఊరి పేరు గుండ్లవాగు. అడవి అంచున ఉండేది. ఈదమ్మకి మూడెకరాల జొన్నచేను, మొగుడు గాలయ్య, ఒక్కగానొక్క కొడుకు ఐలయ్య. ఐలయ్యకి మీసం మొలిచేసరికి సముద్రాల అవతల ఎక్కడో పెద్ద యుద్ధం వచ్చింది. జీతం ఇస్తామన్నారు, బూట్లు ఇస్తామన్నారు, లారీ ఎక్కించుకుపోయారు. బూట్లు ఇచ్చారో లేదో తెలియదు. మనిషిని మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఆ తర్వాత దొరకీ రైతులకీ తగువు ముదిరింది. పండిన జొన్నలన్నీ దొర గడీలో పోస్తే మేమేం తినాలని గాలయ్య అడిగాడు. అట్లా అడిగినవాడు ఇంట్లో ఉండగలిగే రోజులు కావవి. అడవిలోకి పోతూ ఒక్క మాట అన్నాడు.

"పొయ్యి ఆరనియ్యకే. ఏ పూట వస్తనో తెల్వదు. వచ్చిన్నాడు ఇంత వేడి జొన్న గటక పోద్దువు."

అప్పుడు ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఈదమ్మ, ఆమె పొయ్యి. రోజూ పని అయ్యాక పిడక మీద నిప్పు పెట్టి బూడిద కప్పేది. పొద్దున బూడిద తీస్తే నిప్పు ఎర్రగా కళ్ళు తెరిచేది. ఆ ఇంట్లో ఆమెని చూసి కళ్ళు తెరిచేది అదొక్కటే.

యుద్ధం రోజులనుంచీ అగ్గిపెట్టెలు దొరికేవి కావు. అందుకని ఆడవాళ్ళంతా పిడకలు పట్టుకుని ఆమె గుమ్మంలోకే వచ్చేవారు. "అక్కా, ఇంత నిప్పు పెట్టు" అనేవారు. ఆ ఊరికి ఒక పద్ధతి ఉంది. నోరు తెరిచి అడిగితే నిప్పు లేదనకూడదు. అడిగింది పగవాడైనా సరే.

మొదట దొర మనుషులు వచ్చారు. దాచిన గింజల కోసం ఇల్లంతా తవ్విపోసి, అలసిపోయి, "ఈదమ్మా, చుట్టకి నిప్పు పెట్టు" అన్నారు. ఇచ్చింది. "చుట్టకే ముట్టించుకోండ్రి, మీసాలకి కాదు" అని కూడా అంది.

ఆ తర్వాత అడవిలో దాక్కున్న పిల్లలు వచ్చారు. "పెద్దమ్మా, అంబలి కాచుకుంటం" అన్నారు. ఇచ్చింది. "గాలయ్య ఎట్లున్నడు?" అని అడిగింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని "ఉన్నడు" అన్నారు. ఆ ఒక్క మాటనే ఆమె ఏళ్ళ తరబడి నమిలింది.

ఆ తర్వాత సిపాయిలు వచ్చారు. అడవిలో వాళ్ళకి ఈ ఊరే కూడు పెడుతోందని, ఊరిని ఖాళీ చేయించడానికి వచ్చారు. అప్పుడే వాన వెలిసింది. వాళ్ళ అగ్గిపెట్టెలు తడిసి ముద్దయ్యాయి. ఒకడు ఈదమ్మ గుమ్మంలో నిలబడి వాడి భాషలో నిప్పు అడిగాడు. ఆ మాట ఏ భాషలో అన్నా చలితో వణికేవాడి నోట అర్థమవుతుంది. పాపం, చాయ్ కాచుకుంటాడనుకుంది. మంట లేచేదాకా తనే ఊది ఇచ్చింది.

ఆ నిప్పుతో ఊరు తగలబెట్టారు. చూరు పైన తడిగా ఉందని లోపలి నుంచి ముట్టించారు. ముప్పై ఎనిమిది ఇళ్ళు. ఈదమ్మది ముప్పై తొమ్మిదోది.

ఊరెట్లా కాలిందని పైవాళ్ళు అడిగారట. ఒక ఆఫీసరు వచ్చి కాగితం రాశాడు: నిప్పు పుట్టిన చోటు, ఈదమ్మ పొయ్యి. అబద్ధం కాదు చూడు! అందుకే అంత అన్యాయం. ముట్టించిన చెయ్యి ఎవరిదో ఆ కాగితంలో లేదు. ఊరివాళ్ళు ముగ్గురు దాని కింద వేలిముద్రలు వేశారు.

అందర్నీ ఎక్కడో రేకుల షెడ్లలోకి తోలారు. అందరూ గింజల కుండలు మోసుకెళ్ళారు. ఈదమ్మ నిప్పు కుండ మోసుకెళ్ళింది. దాన్ని చూసి పక్కింటి లింగవ్వకి ఒళ్ళు మండింది.

"మా ఇల్లు కాల్చింది చాలలేదా? షెడ్లు కూడా కాలుస్తవా?"

ఆ లింగవ్వ మా అమ్మ. ఆ మూడు వేలిముద్రల్లో ఒకటి ఆమెది.

ఏడాదిన్నర తర్వాత జనం ఊరికి తిరిగొచ్చారు. ఈదమ్మా వచ్చింది, పాత చోటే పొయ్యి మెత్తింది, కుండలో నిప్పు అందులో పోసింది. ఎవరూ రాలేదు. సంతలో అగ్గిపెట్టెలు కొనుక్కున్నారు. పొద్దున్నే పిడక పక్కన పెట్టుకుని, గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. ఎవరికీ అక్కరలేని నిప్పు ఎందుకని ఒకనాడు కడవెడు నీళ్ళు పొయ్యి మీదికి ఎత్తింది. మూడుసార్లు ఎత్తింది, మూడుసార్లు దింపింది. గాలయ్య వస్తే?

గాలయ్య రాలేదు. ఒక ముసురు రోజున మా అమ్మ వచ్చింది. పిడక పట్టుకుని చూరు కింద తడుస్తూ నిలబడింది.

"అగ్గిపెట్టె తడిసింది" అంది నేలవైపు చూస్తూ.

"ఇంతకుముందొకడు గట్లనే అన్నడు" అంది ఈదమ్మ. "దేనికి? ఎవరి కొంప కాలుస్తవ్?"

"పిల్లకి జొరం. గంజి కాయాలె."

"అయితే నోరు తెరిచి అడుగు."

మా అమ్మ తలెత్తింది. "అక్కా, ఇంత నిప్పు పెట్టు" అంది.

ఈదమ్మ పిడక అందుకుంది. మళ్ళీ మంట లేచేదాకా తనే ఊది ఇచ్చింది.

ఆ గంజి తాగిన పిల్లని నేనే తల్లీ. పెద్దయ్యాక ఆ కాగితం కోసమే అక్షరాలు కూడబలుక్కున్నాను. వెతికి చదివాను. అందులో ముక్క మారలేదు. మా అమ్మ వేలిముద్ర నల్లగా అట్లాగే ఉంది. ఆమె నిప్పు అడిగిన రోజు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఊరికి తిరిగొచ్చిన మరుసటి ఏడు, తొలి ఏకాదశి అని చెప్పేది. పాత పంచాంగం తిరగేసి, తారీఖు తీసి, గోడ మీద నేనే రాశాను.

నిప్పు బూడిద కిందికి పోనీ,
నీ కాళ్ళు దుప్పట్లోకి రానీ,
కథ కంచి దారి పట్టనీ,
నా చిట్టితల్లికి నిద్ర పట్టనీ,
తారీఖు మాత్రం గుర్తుండనీ:
1952 జూలై 3.